80 కిలోమీటర్ల మాడ్యూలు, 1.8 కిలోమీటర్ల దారి: తప్పు మీ కేబుల్‌ది కాదండి

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర మీకు కమీషన్ షాపు ఉంది. అక్కడికి 1.8 కిలోమీటర్ల దూరంలో కోల్డ్ స్టోరేజీ. మధ్యలో 6 కోర్ల (లోపల ఆరు గాజు పోగులున్న) సింగిల్ మోడ్ ఫైబర్ లాగించారు, దారిలో ఒక జాయింటు ఉంది. రెండు చివర్లా 10జీ (సెకనుకి 10 గిగాబిట్ల) స్విచ్‌లు పెట్టారు. "ఎక్కువ దూరం మాడ్యూలైతే సిగ్నల్ అంత గట్టిగా ఉంటుంది" అని చెప్పి అమ్మినాయన 80 కిలోమీటర్ల మాడ్యూళ్లు (స్విచ్‌లో దూర్చే, ఫైబర్‌లోకి వెలుతురు పంపి అందుకునే ముక్కలు) ఇచ్చాడు. లింకు వస్తుంది, పోతుంది. షాపు స్విచ్‌లో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క) గుట్టలుగా పడుతున్నాయి, కోల్డ్ స్టోరేజీ స్విచ్‌లో దాదాపు లేవు. మాడ్యూళ్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చినా ఎర్రర్లు షాపు వైపే. టెక్నీషియన్ స్విచ్‌లో అంకెలు చూసి "ఒక కోర్‌లో మైనస్ వస్తోంది, కేబుల్ పోయింది, మళ్ళీ లాగాలి" అన్నాడు. స్విచ్‌ని కేబుల్ చివరి పెట్టెకి కలిపే పొట్టి ఫైబర్ తీగల్లో, అంటే ప్యాచ్ కార్డుల్లో, ఒకటి ఆకుపచ్చ తలది, మిగతావి నీలం. ఏది కరెక్టు అని కూడా అడిగారు.

కేబుల్ మళ్ళీ లాగించకండి. మీరు పంపిన నాలుగు అంకెల్లోనే జవాబు ఉంది.

షాపు మాడ్యూలు పంపేది ప్లస్ 1.2, అందుకునేది ప్లస్ 0.4. కోల్డ్ స్టోరేజీ మాడ్యూలు పంపేది ప్లస్ 2.1, అందుకునేది మైనస్ 6.4. అన్నీ డీబీఎంలో. మీ కుర్రాడు ప్లస్ చూసి బాగుందనుకున్నాడు, మైనస్ చూసి పోయిందనుకున్నాడు. నిజానికి బాధపడుతున్నది ప్లస్ వచ్చిన వైపు. అతన్ని తిట్టకండి, నేనూ మొదటి రెండేళ్లు అలాగే అనుకునేవాణ్ణి. విజయవాడ వన్‌టౌన్‌లో కేబుల్ టీవీ వైర్లు లాగుతూ ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. కోయాక్సియల్‌లో సిగ్నల్ ఎంత ఎక్కువుంటే అంత మేలు అనే అలవాటు చేతిలోంచి పోవడానికి టైం పట్టింది.

డీబీఎం అంటే భయపడాల్సిందేమీ లేదు. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్ వెలుతురు. 3 తగ్గితే సగం, 10 తగ్గితే పదో వంతు. ఈ తేడాని డీబీల్లో చెప్తాం. అంటే మైనస్ 10 దగ్గర మిల్లీవాట్‌లో పదో వంతు ఉంది, మైనస్ 20 దగ్గర నూరో వంతు. మైనస్ అంటే లోటు అని కాదు, మిల్లీవాట్ కన్నా తక్కువ అని మాత్రమే. ఇంట్లో పెట్టే ఫైబర్ ఇంటర్నెట్ బాక్సుకి మైనస్ 18, మైనస్ 20 వస్తే లైన్‌మెన్ సంతోషంగా బండెక్కి వెళ్లిపోతాడు.

ప్రతి మాడ్యూలుకీ వినగలిగే రేంజి ఒకటి ఉంటుంది. కింద ఒక గీత, దానికన్నా తక్కువ వెలుతురైతే కనపడదు. పైన ఒక గీత, దానికన్నా ఎక్కువైతే కళ్లు బైర్లు కమ్ముతాయి. 80 కిలోమీటర్ల 10జీ మాడ్యూళ్లకు మామూలుగా ఈ రేంజి మైనస్ 24 నుంచి మైనస్ 7 దాకా ఉంటుంది. మీ మాడ్యూలు కాగితం మీద కూడా దాదాపు ఇవే అంకెలు కనిపిస్తాయి, ఒకసారి సరిచూసుకోండి. మైనస్ 24 అంటే మిల్లీవాట్‌లో సుమారు 250వ వంతు. అంత సన్నటి వెలుతురు పట్టుకోవడానికి లోపల ఏపీడీ అనే రకం రిసీవర్ పెడతారు. మసక వెన్నెల్లో దారి చూసుకునే కన్ను అనుకోండి. ఆ కంటి ముందు మీరు లారీ హెడ్‌లైట్ పెట్టారు. పై గీత మైనస్ 7 అయితే మీ షాపు మాడ్యూలుకి పడుతున్నది ప్లస్ 0.4, అంటే ఓర్చుకోగలిగిన దానికి ఐదున్నర రెట్లు. ఎర్రర్లు అక్కడివే.

మరి కోల్డ్ స్టోరేజీ వైపు ఎందుకు బాగుంది? ఇక్కడే మీ ఆకుపచ్చ కార్డు కథ వస్తుంది. ముందు కేబుల్ లెక్క చూద్దాం.

80 కిలోమీటర్ల మాడ్యూలు వాడేది 1550 నానోమీటర్ల వెలుతురు. ఆ రంగులో మంచి సింగిల్ మోడ్ గాజు కిలోమీటరుకి 0.2 నుంచి 0.22 డీబీ మింగుతుంది. 1.8 కిలోమీటర్లకు 0.4 అనుకుందాం. అటూ ఇటూ పిగ్‌టైల్ (ఒక చివర కనెక్టర్ తల ఉన్న పొట్టి ఫైబర్ ముక్క) అతికించిన స్ప్లైసులు (గాజుని గాజుకి కరిగించి అతికిన చోట్లు) రెండు, మధ్యలో జాయింటు ఒకటి, ఒక్కోదానికి 0.1 చొప్పున 0.3. రెండు చివర్లా ఎల్‌ఐయూ బాక్సులో (కేబుల్ వచ్చి ముగిసే పెట్టె) అడాప్టర్ దగ్గర, అంటే రెండు తలలు ఎదురెదురుగా కలిసే చోట, కనెక్టర్ జతలు రెండు, ఒక్కోటి అర డీబీ వేసుకుంటే 1. మొత్తం 1.7. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ నుంచి షాపుకి వచ్చే కోర్ చూడండి. ప్లస్ 2.1 పంపితే ప్లస్ 0.4 అందింది. పోయింది సరిగ్గా 1.7. మీ కేబుల్‌కి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు. (అంకె అంత కచ్చితంగా కలిసిందని మురిసిపోకండి. మాడ్యూలు తనంతట తాను చూపించే పవర్ అంకెలో 3 డీబీ దాకా అటూ ఇటూ తేడాకి స్టాండర్డే ఒప్పుకుంటుంది. అందుకే చివరి మాట చేతిలో పట్టుకునే పవర్ మీటర్‌దే.)

రెండో కోర్ షాపు నుంచి కోల్డ్ స్టోరేజీకి. ప్లస్ 1.2 పంపితే మైనస్ 6.4 అందింది. పోయింది 7.6. అదే కేబుల్, అదే జాయింటు, అదే పొడవు, కానీ ఆరు డీబీ దాకా ఎక్కువ పోయింది. మీరు రాసిన దాన్ని బట్టి ఆకుపచ్చ కార్డు ఉన్నది ఈ కోర్ మీదే, షాపు ఎల్‌ఐయూ దగ్గర. నీలం అడాప్టర్‌లో, లోపల నీలం పిగ్‌టైల్‌కి ఎదురుగా ఆకుపచ్చ తల దూర్చారు. ఆ అతకని జత వెలుతురుని మింగేసి, తెలియకుండానే కోల్డ్ స్టోరేజీ మాడ్యూలుని కాపాడింది. మైనస్ 6.4 అంటే ఇంకా గీతకి కాస్త పైనే ఉంది, కానీ మాడ్యూళ్లు గీత దాటాక కూడా కొంత సర్దుకుంటాయి. ఒక తప్పు ఇంకో తప్పుని కప్పెట్టింది. మాడ్యూళ్లు మార్చినా ఎర్రర్లు షాపు వైపే ఎందుకు ఉండిపోయాయో ఇప్పుడు తెలిసింది కదా. తేడా మాడ్యూలులో లేదు, దారిలో ఉంది. మీ కుర్రాడు ఆ ఆకుపచ్చ కార్డు ఒక్కటే మార్చి ఉంటే రెండు వైపులా ఎర్రర్లు మొదలై, ఇక కేబుల్ ఖాయంగా పోయిందని తవ్వకం మొదలెట్టేవాళ్లు.

ఆకుపచ్చా నీలమా అన్నది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ డబ్బులు పోయేది ఇక్కడే.

కనెక్టర్ ప్లాస్టిక్ తల తీసి చూస్తే మధ్యలో తెల్లటి పింగాణీ పుల్ల కనిపిస్తుంది. దాన్ని ఫెర్రూల్ అంటారు. దాని నడిమధ్యలో 125 మైక్రాన్ల గాజు, ఆ గాజు మధ్యలో వెలుతురు నడిచే కోర్ 9 మైక్రాన్లు (మొత్తం గాజు పోగునీ కోర్ అనే అంటాం, ఇక్కడ చెప్పేది దాని నడిమి దారి). మన తల వెంట్రుకలో ఏడో వంతో ఎనిమిదో వంతో. నీలం తల అంటే యూపీసీ, ఫెర్రూల్ మొనని దాదాపు నిటారుగా, కాస్త గుండ్రంగా నునుపు చేస్తారు. ఆకుపచ్చ అంటే ఏపీసీ, మొనని 8 డిగ్రీలు వాలుగా కోసి నునుపు చేస్తారు. మొన దగ్గర కొంత వెలుతురు వెనక్కి తిరుగుతుంది. నిటారు మొన అయితే అది వచ్చిన దారినే తిన్నగా లేజర్‌లోకి పోతుంది. వాలు మొన అయితే పక్కకి కొట్టుకుని గాజు గోడల్లోకి పోయి చచ్చిపోతుంది. ఫైబర్‌లో 1550 మీద టీవీ ఛానళ్లు పంపేవాళ్లకి ఈ వెనక్కి తిరిగే వెలుతురు పెద్ద తలనొప్పి, బొమ్మ పాడవుతుంది. అందుకే ఇంటింటికీ వేసే ఫైబర్‌లో ఆకుపచ్చ స్థిరపడింది. స్విచ్ మాడ్యూళ్ల సాకెట్లు మాత్రం నీలం కోసమే తయారవుతాయి.

ఆకుపచ్చకి ఆకుపచ్చ ఎదురైతే రెండు వాలులూ ఒకదానికొకటి ఒదుగుతాయి. నీలానికి నీలం ఎదురైతే మొన మొనకి తగులుతుంది. ఆకుపచ్చ, నీలం ఎదురైతే మధ్యలో గాలి సందు మిగులుతుంది, మూడు నాలుగు డీబీలు అక్కడే గల్లంతు. పైగా వాలు మొన అంచు నిటారు మొనని నొక్కి గీత పెట్టొచ్చు. మీ విషయంలో ఆరు పోయాయంటే మిగతాది దుమ్మో గీతో అయ్యుంటుంది. ఆ కార్డు తీశాక లోపలి పిగ్‌టైల్ మొనని కూడా మైక్రోస్కోప్ కింద చూడమనండి. గీత కోర్ మీద నుంచి పోతే ఆ పిగ్‌టైల్ కోసేసి కొత్తది స్ప్లైస్ చేయించండి, పదిహేను నిమిషాల పని.

తలకాయల రకాల గురించి మీరు అడిగింది త్వరగా చెప్పేస్తాను. చదరంగా, టక్కున లోపలికి నొక్కేది ఎస్‌సీ. దాంట్లో సగం సైజు, పక్కన చిన్న క్లిప్పు ఉండేది ఎల్‌సీ. స్విచ్ మాడ్యూళ్లకు ఎక్కువగా ఇదే. స్క్రూలాగా తిప్పి బిగించేది ఎఫ్‌సీ, పాత టెలికాం రాక్‌లలోనూ టెస్టింగ్ మిషన్ల మీదా కనిపిస్తుంది. పావు తిప్పు తిప్పితే పడేది ఎస్‌టీ, పాత ఆఫీసుల్లో మిగిలింది. మీ ఎల్‌ఐయూ ఎస్‌సీ, మాడ్యూలు ఎల్‌సీ కాబట్టి మీకు కావాల్సింది ఒక వైపు ఎస్‌సీ యూపీసీ, ఇంకో వైపు ఎల్‌సీ యూపీసీ, సింగిల్ మోడ్, పసుపు రంగు తొడుగు, జంట కార్డు. నారింజ రంగుదో లేత నీలిదో చేతికిస్తే వెనక్కిచ్చేయండి. అవి మల్టీ మోడ్, వాటి కోర్ 50 లేదా 62.5 మైక్రాన్లు. మీ 9 మైక్రాన్ల దారిలోకి అంత లావు దారి నుంచి వెలుతురు దూరదు. షాపులో తొందరలో రంగు చూసుకోకుండా సంచిలో వేసేస్తారు.

ఇక మాడ్యూలు. ఒకే సైజు సాకెట్‌లో ఎస్‌ఎఫ్‌పీ అంటే 1జీ, ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ అంటే 10జీ, ఎస్‌ఎఫ్‌పీ28 అంటే 25జీ. చూడ్డానికి కవల పిల్లలు. 10జీ సాకెట్‌లో 1జీ మాడ్యూలు చాలా స్విచ్‌లలో పనిచేస్తుంది, కొన్నిట్లో పోర్టు స్పీడు చేత్తో పెట్టాలి. 1జీ సాకెట్‌లో 10జీ మాడ్యూలు పనిచేయదు. మీరు చెప్పిన లెక్క ప్రకారం కోల్డ్ స్టోరేజీలో 32 కెమెరాలు, ఒక్కోటి 4 ఎంబీపీఎస్ అనుకుంటే 128. దానికి తోడు బిల్లింగ్, వేబ్రిడ్జి, రెండు కంప్యూటర్లు. 1జీ లింకులో పావు వంతు కూడా నిండదు. 10జీ పెట్టుకున్నారు, మంచిదే, తీసేయమనను. కాకపోతే అమ్మినాయన ఈ లెక్క వేసుంటే మీకు డబ్బులు మిగిలేవి.

మీకు సరిపోయేది 10జీ ఎల్‌ఆర్ అనే రకం, 1310 నానోమీటర్లు, 10 కిలోమీటర్లది. స్టాండర్డ్ ప్రకారం అది పంపే వెలుతురు మైనస్ 8.2 నుంచి ప్లస్ 0.5 మధ్య ఉంటుంది. మైనస్ 14.4 దాకా వింటుంది, ప్లస్ 0.5 దాకా ఓర్చుకుంటుంది. 1310 దగ్గర గాజు కిలోమీటరుకి 0.35 మింగుతుంది కాబట్టి మీ దారి నష్టం 2 డీబీ అవుతుంది. ఎంత బలహీనమైన మాడ్యూలు దొరికినా మైనస్ 10.2 అందుతుంది, కింది గీతకి ఇంకా నాలుగు డీబీల ఎడం. ఎంత బలమైనది దొరికినా మైనస్ 1.5, పై గీతకి రెండు డీబీల ఎడం. ఎటు చూసినా ఇబ్బంది లేదు. దూరం తక్కువైనప్పుడు ఎల్‌ఆర్‌ని అడుగు పొడవు కార్డుతో ఎదురెదురుగా పెట్టినా ఏమీ కాదు. 80 కిలోమీటర్లదాన్ని అలా చేశారా, అయిపోయింది.

ఆ ముక్క అనుభవం మీద చెప్తున్నాను. చాలా ఏళ్ల క్రితం గవర్నర్‌పేటలో ఒక ఆఫీసు పనికి రెండు 80 కిలోమీటర్ల మాడ్యూళ్లు వచ్చాయి. సైటుకి తీసుకెళ్లేముందు పనిచేస్తున్నాయో లేదో చూద్దామని టేబుల్ మీదే ఒక మీటరు ప్యాచ్ కార్డు వేసి రెండింటినీ కలిపాను. లింకు లైటు పచ్చగా వెలిగింది. టీ తాగి వచ్చేసరికి ఆరిపోయింది. మళ్ళీ ఎప్పుడూ వెలగలేదు. రెండు రిసీవర్లూ పోయాయి. ఓనరు ముఖం చూడలేక నా జేబులోంచి పెట్టుకున్నాను. అప్పటినుంచి నా టూల్ బ్యాగ్‌లో 5, 10, 15 డీబీ అటెన్యుయేటర్లు తప్పకుండా ఉంటాయి.

మీరు మాడ్యూళ్లు వాపసు ఇవ్వలేకపోతే మీకూ అదే దారి. అటెన్యుయేటర్ అంటే బొటనవేలంత ముక్క, ఒక వైపు మగ, ఒక వైపు ఆడ. కొన్ని వందల్లో దొరుకుతుంది. వెలుతురు అందుకునే మాడ్యూలు దగ్గర, ఆర్‌ఎక్స్ రంధ్రంలో పెడతారు. రెండు చివర్లా ఒక్కోటి 15 డీబీ, ఎల్‌సీ యూపీసీ, సింగిల్ మోడ్, 1550కి పనికొచ్చేది తీసుకోండి. ప్లస్ 0.4లోంచి 15 పోతే మైనస్ 14.6. మైనస్ 24కీ మైనస్ 7కీ దాదాపు నడుమ కూర్చుంటుంది. 10ది పెట్టినా మైనస్ 9.6తో పనవుతుంది గానీ గీతకి దగ్గర. కాకపోతే ఒక మాట. షాపులో ఉన్న మాడ్యూలు ఇన్నాళ్లూ ఎండదెబ్బ తింది. అటెన్యుయేటర్ పెట్టి, నీలం కార్డు వేసి, అన్నీ తుడిచాక కూడా ఎర్రర్లు వస్తుంటే ఆ రిసీవర్ దెబ్బతిన్నట్టే. మీరు వాటిని అటూ ఇటూ మార్చి చూశారు కాబట్టి రెండూ కొన్ని రోజులు ఆ వెలుతురు కింద ఉన్నాయి.

నన్ను అడిగితే ఎల్‌ఆర్ జత కొని ఇవి అమ్మేయండి. కారణం వేడి. ఎక్కువ దూరం మాడ్యూలు ఎక్కువ కరెంటు తింటుంది, ఎక్కువ కాగుతుంది. మామూలు రకం మాడ్యూళ్లు 70 డిగ్రీల దాకా తట్టుకునేట్టు చేస్తారు, ఇండస్ట్రియల్ రకం 85 దాకా. గుంటూరులో రోహిణి కార్తె, రేకుల కప్పు, దాని కింద తాళం వేసిన ఇనప డబ్బా, అందులో స్విచ్. ఆ డబ్బాలో చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. స్విచ్‌లో టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది) చూపించే పేజీలోనే టెంపరేచర్ కూడా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మూడింటికి ఆ అంకె ఒకసారి రాసి పెట్టుకోండి. డబ్బాకి పైనా కిందా జాలీ కోసి చిన్న ఫ్యాను పెట్టించండి.

ఫ్యాను అనగానే దుమ్ము గుర్తొచ్చింది, మీ షాపుకి అది అసలు సమస్య. మిర్చి టిక్కీలు దించేచోట గాలిలో ఎగిరేది మట్టి ఒక్కటే కాదు, కారం పొడి, తొక్క, విత్తనం నలుసు. ఇంతకుముందు ఒక మిర్చి వ్యాపారి ఆఫీసులో కనెక్టర్ మొనని 400 రెట్లు పెద్దగా చూపించే మైక్రోస్కోప్ కింద పెట్టాను. నల్లటి వలయం మధ్యలో తెల్లటి చుక్కలా ఉండాల్సిన కోర్ మీద ముద్దగా ఏదో అతుక్కుని ఉంది. పక్కన వేలి నూనె మరక చారలు. ఎవరో చొక్కా అంచుతో తుడిచారన్నమాట. పొడి టిష్యూ మీద ఒకసారి ఒకే దిక్కుకి లాగితే సగం పోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి ఒకసారి, వెంటనే పొడిగా ఒకసారి లాగాక మొత్తం పోయింది. లింకు నష్టం 4 డీబీ నుంచి అర డీబీకి దిగింది. ఆ షాపు వాళ్లు అప్పటికి రెండు మాడ్యూళ్లు మార్చేశారు.

నోటితో ఊదొద్దు, తుంపర పడి ఎండి మరకవుతుంది. అడాప్టర్ లోపల ఉన్న మొనని తుడవడానికి పెన్నులాంటి క్లీనర్ దొరుకుతుంది. పెట్టి నొక్కితే టిక్కుమంటుంది, లోపల దారం తిరిగి మొనని తుడుస్తుంది. అది ఒకటి కొని షాపులోనే ఉంచండి. ప్యాచ్ కార్డు తీసిన ప్రతిసారీ, కొత్తది అయినా సరే, తుడిచే పెట్టండి. ప్యాకెట్లోంచి తీసిన కొత్త కార్డు శుభ్రంగా ఉంటుందనేది భ్రమ. ప్లాస్టిక్ టోపీ లోపలి నుసి మొనకి అంటుకునే వస్తుంది. వాడని పోర్టులకి రబ్బరు మూతలు పెట్టే ఉంచండి. ఇంకోటి, వెలుగుతోందో లేదో అని రంధ్రంలోకి కన్ను పెట్టి చూడొద్దు. 1310, 1550 రెండూ కంటికి కనపడవు, కానీ కంటికి తగులుతాయి. టెక్నీషియన్ పెన్నులోంచి వచ్చే ఎర్ర లైటు వేరు, అది 650 నానోమీటర్ల దగ్గర కంటికి కనపడే వెలుతురు. కోర్ ఎక్కడ విరిగిందో, ఏ కోర్ ఏదో పోల్చుకోవడానికి వాడతారు. దాన్ని కూడా సూటిగా చూడొద్దు.

కోల్డ్ స్టోరేజీ వైపు స్విచ్‌ని చల్లటి గదుల్లో పెట్టలేదు కదా? ప్యానెల్ రూములో ఉంటే సరే. తలుపు తీసి వేసే చోట, బయటి వేడి గాలి తగిలి గోడలకి చెమట పట్టేచోట పెడితే కనెక్టర్ల మీద తేమ చేరుతుంది. అలాగే ఎలుకలు. గోడౌన్‌లో మిర్చి ఘాటుకి ఎలుకలు రావనుకుంటారు. కేబుల్ కొరకడానికి బాగానే వస్తాయి. గోడౌన్ లోపల కేబుల్‌ని ఇనప తొడుగున్న ఆర్మర్డ్ రకంతో గానీ, పైపులో గానీ తీసుకెళ్లండి.

కేబుల్ గురించి మీరు భయపడ్డారు కాబట్టి అసలు కేబుల్ ఎలా పోతుందో కూడా చెప్పాలి. గాజు దానంతట అది ముసలిదైపోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఆ తర్వాత వారాల తరబడి అక్కడే పనిచేశాను. నీళ్లలో నానిన స్విచ్‌లు, పవర్ సప్లైలు, ఇళ్లలో పెట్టే ఫైబర్ ఇంటర్నెట్ (ఓఎన్‌యూ) బాక్సులు తట్టలకెత్తి పారేశాం. స్తంభాల మీద వేసిన ఫైబర్ చాలావరకు అలాగే పనిచేసింది. ఇబ్బంది పెట్టింది జాయింట్ బాక్సులు. సీలు సరిగ్గా బిగించని బాక్సుల్లో బురద నీళ్లు చేరి, స్ప్లైస్ ట్రేలో మట్టి పేరుకుంది. కొన్నిట్లో నీళ్లు తీసేశాక కూడా నెలకో రెండు నెలలకో నష్టం పెరుగుతూ వచ్చింది. అందుకని మీ దారి మధ్యలో ఉన్న ఆ ఒక్క జాయింట్ బాక్సు ఎక్కడుందో, దాని రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో వర్షాల ముందే చూసుకోండి. స్తంభాలు వాడుకోవడానికి పర్మిషన్ తీసుకున్నారనే అనుకుంటున్నాను. లేకపోతే లైన్‌మెన్ కత్తిరిస్తాడు, అప్పుడు ఏ మాడ్యూలూ పనిచేయదు.

ఇంకోటి వంపు. కేబుల్‌ని ప్లాస్టిక్ టైతో గట్టిగా బిగించినా, ఎల్‌ఐయూలో పిగ్‌టైల్‌ని చిన్న చుట్టగా చుట్టినా వెలుతురు పక్కకి కారిపోతుంది. మామూలు జీ.652డీ గాజుకి 3 సెంటీమీటర్ల కంటే తక్కువ వ్యాసార్ధం వంపు ఇవ్వకపోవడం మంచిది. ఇళ్లలో వేసే జీ.657 రకాలు ఇంకా చిన్న వంపులు తట్టుకుంటాయి. వంపు పట్టుకోవడానికి ఒక కిటుకు ఉంది. వంపు దెబ్బ 1310 మీద కంటే 1550 మీద బాగా ఎక్కువ. ఒకే కోర్‌ని రెండు రంగుల్లో కొలిచి, 1310లో బాగుండి 1550లో నష్టం ఎక్కువుంటే ఎక్కడో వంపో బిగింపో ఉందన్నమాట. రెండింట్లోనూ ఒకేలా ఎక్కువుంటే కనెక్టరో స్ప్లైసో చూడాలి.

అందుకే ఓటీడీఆర్ (వెలుతురు పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి దారిలో ఎక్కడ ఎంత నష్టమో గీసి చూపే మిషన్) ఉన్నవాణ్ణి ఒక పూట పిలిపించి ఆరు కోర్లూ, 1310, 1550 రెండింట్లోనూ కొలిపించి ఆ గ్రాఫులు తీసి పెట్టుకోండి. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఇదీ లోపలి కోర్ల రంగుల వరస. (ఈ ఆకుపచ్చకీ కనెక్టర్ తల ఆకుపచ్చకీ ఏ సంబంధం లేదు, దాంతో కూడా గొడవ పడ్డవాళ్లున్నారు.) రేపు ఎవడో గొయ్యి తవ్వి కేబుల్ లాగేస్తే, ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో ఈ పాత గ్రాఫు పక్కన పెట్టుకుని చెప్పొచ్చు. ఓటీడీఆర్ మొదటి కొన్ని మీటర్లు గుడ్డిది. దగ్గరి కనెక్టర్ కూడా కనపడాలంటే ముందు ఒక లాంచ్ ఫైబర్ చుట్ట తగిలించమనండి. ఆ చుట్ట తీసుకురాకుండా వచ్చినవాడు సగం పనే చేస్తాడు.

స్ప్లైస్ మిషన్ తెర మీద 0.02 అని చూపిస్తే అది అంచనా మాత్రమే, కొలత కాదు. నేను కుర్రాళ్లకి చెప్పేది మిషన్ గురించి కాదు, చేతి గురించి. తొడుగు ఒలిచాక గాజుని ఆల్కహాల్ టిష్యూతో తుడిస్తే కీచుమని సన్నగా శబ్దం రావాలి, అప్పుడే శుభ్రమైనట్టు. గాజు కోసే పరికరం, అంటే క్లీవర్, దాని బ్లేడు ఎన్ని కోతలు కోసిందో లెక్క ఉంచుకోవాలి. తెగిన గాజు ముక్కల్ని చిన్న డబ్బాలో వేయాలి, చాప మీద పారేస్తే రాత్రి ఎవరి కాల్లోనో దిగుతుంది. మీ సైటులో పనిచేసే కుర్రాడు ఈ మూడింటిలో రెండు చేస్తుంటే వాణ్ణి వదులుకోకండి.

ఫాస్ట్ కనెక్టర్ అని స్ప్లైస్ లేకుండా చేత్తో కోసి దూర్చే ఆకుపచ్చ తలలు ఉంటాయి. ఇళ్లకి వేసే డ్రాప్ వైరుకి అవి ఫరవాలేదు, అక్కడ నష్టం భరించే బడ్జెట్ 28 డీబీ దాకా ఉంటుంది. మీ లింకులో వాటిని దగ్గరికి రానివ్వకండి. ఆ ఆకుపచ్చ కార్డు మీ దగ్గరికి ఎలా వచ్చిందో కూడా నాకు అర్థమవుతూనే ఉంది. ఇంటర్నెట్ కనెక్షన్ల పనిలో మిగిలింది సంచిలో ఉంటుంది, నీలం అయిపోయుంటుంది, చీకటి పడుతుంటుంది.

బైడీ మాడ్యూళ్లు కొనమని ఎవరైనా చెప్తే, అవి ఒకే కోర్ మీద రెండు వైపులా నడిచేవి. ఒకటి 1270 పంపి 1330 వింటుంది, రెండోది తిరగేసి. జతగానే కొనాలి. రెండూ ఒకే రకం వస్తే రెండూ మాట్లాడతాయి, ఏదీ వినదు. మీకు ఇంకా నాలుగు కోర్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి వాటి అవసరం లేదు. కొనేముందు మీ స్విచ్ కంపెనీ ఇతర బ్రాండు మాడ్యూళ్లు ఒప్పుకుంటుందో లేదో మాత్రం అడగండి. మాడ్యూలు లోపల చిన్న మెమరీలో బ్రాండు పేరు రాసి ఉంటుంది. కొన్ని స్విచ్‌లు ఆ పేరు చూసి పోర్టు మూసేస్తాయి. అమ్మేవాడు మీ స్విచ్‌కి తగ్గట్టు కోడింగ్ చేసి ఇస్తానంటే, పనిచేయకపోతే వాపసు అని బిల్లు మీద రాయించుకోండి.

ఇప్పుడు వరస ఇలా పెట్టుకోండి. ముందు షాపు మాడ్యూలు తీసేయండి, అది ఇంకా ఎండలో ఉండకూడదు. ఆకుపచ్చ కార్డు తీసి నీలం జంట కార్డు వేయించండి. పిగ్‌టైల్ మొనలు తుడిపించి మైక్రోస్కోప్‌లో చూడండి. ఎల్‌ఆర్ జత వచ్చాక పెట్టండి, లేదంటే రెండు చివర్లా 15 డీబీ పెట్టి పాతవాటితోనే చూడండి. ఎల్‌ఆర్‌తో రెండు వైపులా ఆర్‌ఎక్స్ మైనస్ 1.5కీ మైనస్ 10కీ మధ్య వస్తుంది, చాలావరకు మైనస్ 4, మైనస్ 5 దగ్గర ఆగుతుంది. రెండు దిక్కుల్లో నష్టం లెక్కవేస్తే ఒకదానికొకటి ఒక డీబీ తేడాలో ఉండాలి. సీఆర్‌సీ కౌంటర్ క్లియర్ చేసి ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే షాపు తెరిచాక చూడండి. ఆ నాలుగు అంకెలూ, ఆ కౌంటరూ మళ్ళీ ఇక్కడ పెడితే చూసి చెప్తాను. ఒక దిక్కు ఇంకా ఐదారు డీబీలు ఎక్కువ మింగుతుంటే మాత్రం, కోల్డ్ స్టోరేజీ ఎల్‌ఐయూ మూత తీసి అక్కడ కూడా ఒక ఆకుపచ్చ తల దాక్కుని ఉందేమో చూడండి.